పెద్దమ్మ, నీళ్ల కింది సూర్యుడి గుడి

మా పెద్దమ్మ పోయింది.

సోమవారం పొద్దున వార్డులో ఒక ముసలాయన కాలికి కట్టు మారుస్తుంటే, ఫోనొచ్చిందని ఆయా పిలిచింది. కొల్లాపూర్‌లో ఎస్టీడీ బూతు నుంచి తమ్ముడు. "అక్కా, పెద్దమ్మ పోయింది. చాయ తాగుదువు లే అని లేపితే లేవలే," అన్నాడు. తర్వాత వాడే, "ఎండలు గిట్లున్నయి. సాయంత్రం దాంక ఆపుడు కష్టమంటున్నరు. జల్ది రా," అని పెట్టేశాడు.

నేను పనిచేసే దవాఖాన నార్కట్‌పల్లి అడ్డరోడ్డుకు దగ్గర. అక్కడికి వచ్చి నిలబడ్డాను. హైదరాబాదు బస్సులు, విజయవాడ బస్సులు, లారీలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. నాకు కావలసిన నల్గొండ బస్సు మాత్రం రాదు. అది వచ్చి, నల్గొండలో దేవరకొండ బస్సు దొరికి, అక్కడ కల్వకుర్తి బస్సు కోసం మళ్లీ కాచుకుని, ఇంకో రెండు బస్సులు మారి ఊళ్లో దిగేసరికి పొద్దు గూకింది. వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. స్నానాలు చేసిన మగవాళ్లు తడి తలలతో అరుగుల మీద కూర్చున్నారు. అంతా అయిపోయింది.

"మొగం సూడకపోతివి గద బిడ్డా," అన్నాడు పక్కింటి చాచా. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్ల నౌకరీలో ఎందరెందరి కళ్లో ఈ చేతులతో మూశాను. పెంచిన మనిషి కళ్లు మూయడానికి అందలేకపోయాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. అమ్మ జబ్బు మనిషి. అందుకని నేనూ తమ్ముడూ పెద్దమ్మ దగ్గరే పెరిగాం. ఆమెకు పిల్లల్లేరు. పెద్దనాయిన మాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన వంశంలోవాళ్లది తరతరాలుగా ఒకటే పని, ఊళ్లో ఉన్న సూర్యుడి గుడి ఊడ్చి దీపం పెట్టడం. ఆయన పోయాక ఆ చీపురు, ఆ నూనె చెంబు పెద్దమ్మ చేతికొచ్చాయి.

ఆలంపూర్ దగ్గర తుంగభద్రను కలుపుకుని కృష్ణ ఇంకా కిందికి పోయే దారిలో, ఎడమ ఒడ్డున ఉండేది మా ఊరు. ఉండేది అనే అనాలి. గుడి చిన్నది. నల్లరాతి గోడలు, పొట్టి శిఖరం, తూర్పు ముఖంగా ఒకే ఒక్క ద్వారం. లోపల మనిషి ఎత్తుకు కొంచెం తక్కువగా స్వామి నిలబడి ఉండేవాడు. రెండు చేతుల్లో భుజాల దాకా లేచిన తామరపువ్వులు. పీఠం మీద ఏడు గుర్రాలు, వాటిని తోలుతూ తొడలు లేని సారథి. అటూ ఇటూ ఉషా, ప్రత్యూష అనే ఇద్దరు ఆడవాళ్లు విల్లు ఎక్కుపెట్టి చీకటిని తరుముతుంటారు. పక్క ఊరి పూజారి ఆదివారం మాత్రమే వచ్చేవాడు. మిగతా రోజుల్లో స్వామికి దిక్కు పెద్దమ్మే. లోపలికి పోయి విగ్రహాన్ని ముట్టుకునే హక్కు మాత్రం ఆమెకు లేదు. గర్భగుడి గడప ఇవతల కూర్చుని, పొడుగు కాడ గరిటెతో దీపంలో నూనె పోసేది.

ఆమె ఏనాడూ సూర్యుడనీ, దేవుడనీ అనలేదు. 'అయ్య' అనేది, ఇంట్లో పెద్దమనిషిని అన్నట్టు. "అయ్య లేచిండు, మీరింక పండుకున్నరా?" అని మమ్మల్ని లేపేది. ముసురు పట్టి రెండు మూడు రోజులు పొద్దు కనబడకపోతే, "అయ్యకు పెయ్యి బాగలేదేమో," అని, ఒంట్లో నలతగా ఉన్న మనిషి గురించి అన్నట్టు అనేది. రోహిణి ఎండల్లో వాకిట్లో నిలబడి నెత్తి మీద కొంగు వేసుకుని ఆకాశం వైపు చూస్తూ, "జర నిమ్మలంగ అయ్యా, కూలికి పోయిన పిల్లలున్నరు బయట," అని మందలించేది. ఎవరైనా నవ్వితే ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆదివారం కళ్ల జబ్బులవాళ్లు, ఒంటి మీద బొల్లి మచ్చలవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. స్వామికి పోసిన నీళ్లతో కళ్లు కడుక్కునేవాళ్లు. ఇప్పుడు నర్సుగా తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. చాచా వాళ్ల అమ్మ కూడా ప్రతి ఆదివారం వచ్చి గుడి బయట రాతి మీద కూర్చునేది. పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె దోసిట్లో పోసేది. అయితే ఎవరికైనా కంట్లో కంప గుచ్చుకుందనో, ఎర్రగా వాచిందనో వస్తే మాత్రం పెద్దమ్మ ఒప్పుకునేది కాదు. "ముందు దవాఖానకు పో. అయ్య యాడికి పోడు, రేపు గూడ లేస్తడు," అని పంపించేది. నేను నర్సునయ్యాక ఈ మాట ఎంతమంది రోగులకు చెప్పానో!

రథసప్తమి నాడు మా ఊళ్లో అందరికీ ఆ గుడే ఇల్లు. తల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టి చన్నీళ్లు పోసేది పెద్దమ్మ. పిడకల మంట మీద పాలు పొంగితే పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టేది. ఆ రోజుల్లో పొద్దున కాసేపు ఎండ ద్వారం దాటి, గడప దాటి, మెల్లగా పాకి స్వామి పాదాల దాకా వచ్చేది. అంతకంటే పైకి ఎన్నడూ పోయేది కాదు. పిల్లల్ని రెండు గోడలకు ఆనించి కూర్చోబెట్టి, "అడ్డం రాకుండ్రి. అయ్య అయ్యను సూడనీకె వచ్చిండు," అనేది.

కథలు చెప్పేది. సూర్యుడి వేడికి తాళలేక ఆయన భార్య, తన నీడను మనిషిని చేసి ఇంట్లో పెట్టి వెళ్లిపోయిందనీ, అప్పుడు మామ విశ్వకర్మ అల్లుణ్ణి సానమీద పెట్టి తేజస్సు అరగదీశాడనీ పురాణం కదా. పెద్దమ్మ అది చెప్పి, వచ్చిన ఆడవాళ్ల వైపు తిరిగి, "పెండ్లాం కోసం పెయ్యి అరగదీయించుకున్నడు. మీ ఇండ్లల్ల ఎవ్వడన్న ఉన్నడా?" అనేది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు.

కానీ మేం మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నది ఆ కథ కాదు. ఆ గుడి అక్కడ ఎందుకు వెలిసిందో చెప్పే మా ఊరి కథ. అది ఆమె మాటల్లోనే నాకు గుర్తుంది.

"గుడి లేనప్పటి మాట. ఓ ముసలవ్వ ఉండె, కండ్లు లేవు. కొడుకు, కోడలు చేనుకు పోతే ఒక్కతే గుడిసె ముంగట కూసునేది. ఓనాడు పొద్దుగాల్ల ఎవరో వచ్చి, 'అవ్వా, ఆకలైతాంది, ఏమన్న ఉంటె పెట్టు' అన్నడు. 'అంబలి ఉన్నది నాయినా, కూసో' అన్నది. 'కూసునే తీరిక లేదవ్వా, నేను నిలవడితే లోకమంత చీకటైతది' అన్నడు. ముసల్ది నవ్వింది. 'నాకెప్పుడు చీకటే గద కొడుకా. అందరికి జరసేపు అయితే ఏమాయె? కూసోని తాగు' అన్నది. కూసున్నడు. ఆయన అంబలి తాగినంతసేపు లోకం చీకటైంది. కోళ్లు గూట్లకు పోయినయి, ఎడ్లు ఇండ్లకు మర్రినయి. తాగి, మూతి తుడుసుకోని లేసి, ముసల్దాని కండ్ల మీద చెయ్యి పెట్టిండు. కండ్లొచ్చినయి. మొట్టమొదలు ఆమె ఏం సూసిందంటరు? ఖాళీ చెంబు సూసింది. మనిషి లేడు."

ఆ చెంబు పెట్టిన చోటనే గుడి కట్టారట.

చరిత్ర వేరే చెబుతుంది. పాలమూరు నుంచి ఒక కాలేజీ సారు వచ్చి, గుడి ముందు పడి ఉన్న శాసనం రాతిని కడిగించి, చాలాసేపు బోర్లా పడుకుని చదివాడు. కందూరు చోడుల కాలంలో ఒక సామంతుడి భార్య ఈ స్వామికి అఖండదీపం కోసం చెరువు కింది పొలం రాసిచ్చిందట. రాతి పైభాగాన చెక్కిన చంద్రవంకనూ సూర్యబింబాన్నీ చూపించి, "ఆచంద్రార్కం అని రాశారమ్మా," అన్నాడాయన.

"అంటే మా దీపం ఎప్పటిదాంక సారు?" అంది పెద్దమ్మ.

"చంద్రుడు, సూర్యుడు ఉన్నంతవరకు."

ఆ మాట ఆమెకు ఎంత సంతోషమిచ్చిందంటే, ఆ వారమంతా కనబడినవాళ్లకల్లా చెప్పింది. పొలం ఎప్పుడో ఎవరి పాలో అయిపోయింది. నూనె ఆమే కూలి చేసి కొనేది. అయినా ఆ రాతి మీద తన పని రాసి ఉందనుకుంది.

తర్వాత కొన్నాళ్లకే శ్రీశైలం నీళ్లు మా ఊరి మీదికి వస్తాయని ఖాయమైంది. ఎనభైల మొదట్లో సంగతి. జీపుల్లో మనుషులొచ్చి ఎక్కడిదాకా మునుగుతుందో హద్దురాళ్లు పాతి పోయారు. ఆ హద్దు మా ఊరికి చాలా పైన, గుట్ట మీద ఉంది. కాలేజీ సారు ఆఖరుసారి వచ్చినప్పుడు శాసనం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. పెద్దమ్మే ఆయనను ఊరడించింది. "రాసినోళ్లు మంచిగనే రాసిన్రు సారు. నీళ్లకు సదువు రాదు గద," అంది.

గుడిని విప్పి పైన కొత్త ఊళ్లో మళ్లీ కడతామన్నారు. ఒక్కో రాతికీ తెల్లరంగుతో గుర్తు వేశారు. పని చూసే ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మంచివాడు. పెద్దమ్మ ఆయన వెంట తిరుగుతూ గడపకు వేశారా, దీపపు గూటికి వేశారా అని అడుగుతుంటే విసుక్కోలేదు. "అన్నిటికీ గుర్తులు వేశాం కదమ్మా. ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ కట్టిస్తాం," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను. ఆయనకు బదిలీ అయింది, అంతే.

స్వామిని లేపిన రోజు ఊరంతా పనులు మానేసింది. దూలాలు కట్టి, గొలుసులు వేసి, మగవాళ్లు కేకలు పెడుతూ లాగుతుంటే, విగ్రహం పీఠం మీంచి కదిలినప్పుడు రాయి మీద రాయి రాసుకున్న చప్పుడైంది. పెద్దమ్మ చెవులు మూసుకుంది. గడ్డి చుట్టి, గోనెపట్టాలు కప్పి లారీలో వెల్లకిలా పడుకోబెట్టారు. పెద్దమ్మ లారీ దగ్గరికి పోయి, "మొగం మీద కప్పకుండ్రయ్యా, ఊపిరాడదు," అంది. పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను ఎక్కి మొహం మీది గోనె తీసేశాడు. పాదాలు తప్ప ఎన్నడూ ఎండ ఎరగని ఆ స్వామి మొహం మీద మధ్యాహ్నపు ఎండ పడింది. లారీ కదిలింది. ఆడవాళ్లు ఆడపిల్లను అత్తగారింటికి పంపినట్టు ఏడ్చారు. పెద్దమ్మ ఏడవలేదు. "యాడ దింపుతరో అడుగు బిడ్డా," అని నన్ను తోసింది. నేను పరుగెత్తేసరికి లారీ మలుపు తిరిగింది.

ఆమె ఖాళీ గర్భగుడిలోనే దీపం పెడుతూ వచ్చింది. వానాకాలంలో నీళ్లొచ్చాయి. వరదలా హోరుమని రాలేదు. దారి తెలిసిన మనిషిలా చప్పుడు లేకుండా ఒక్కో వీధీ ఎక్కుతూ వచ్చాయి. అప్పటికి గుడి రాళ్లు సగమే పైకి చేరాయి. మిగతావి ఉన్నచోటే ఉండిపోయాయి. మేం సామాన్లతో గుట్ట మీదికి ఎక్కుతుంటే చాచా తన ఎడ్లబండి మీద మా ఇంటి దర్వాజా, పెద్దమ్మ రోలు వేసుకుని వచ్చాడు. వెనక్కి తిరిగి చూడవద్దని పెద్దమ్మ మా ఇద్దరి తలలూ ముందుకు తిప్పి పట్టుకుంది. తను చూసిందో లేదో నాకు తెలియదు.

కొత్త ఊరి చివర ఆ సగం రాళ్లను కుప్పపోశారు. వానలకు తెల్లరంగు కారిపోయింది. ఏ రాయి ఎక్కడిదో ఎవరికీ తెలియకుండా పోయింది. విగ్రహం తాలూకా ఊళ్లో ఒక రేకుల షెడ్డులో ఉందని తెలిసింది. పెద్దమ్మ చాచాను వెంటబెట్టుకుని ఆఫీసులకు తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోయినా పైకి రాశామనీ, పైనుంచి రావాలనీ చెప్పేవాళ్లు. ఒకసారి ఒక గుమాస్తాతో, "పైన అంటే ఎవ్వలు బిడ్డా? నాకు ఎరుకైనంత వరకు పైన ఉన్నది అయ్య ఒక్కడే. ఆయన గుడే గద అడుగుతున్న," అందట. గుమాస్తా లేచి ఆమెకు కుర్చీ వేశాడు, చాయ తెప్పించాడు. అంతకంటే ఆయన చేతిలోనూ ఏమీ లేదు.

నేను నర్సు ట్రైనింగులో ఉండగా సెలవులకు ఇంటికొచ్చాను. పెద్దమ్మ నాకు చాయ పోస్తూ గిన్నె పక్కన పోసింది. నవ్వి తుడిచేసింది. మర్నాడు పక్కనుంచి వస్తున్న బర్రెను చూడక దాని మీదికే నడిచింది. నాకు భయమేసింది. కంట్లో పొర కమ్మే మోతిబిందు అయి ఉంటుంది, ఆపరేషన్ చేస్తే పోతుందని ఆమెకు ధైర్యం చెప్పి, నేనూ ధైర్యం చెప్పుకుని పట్నంలో కంటి దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు చాలాసేపు చూశాడు. "మోతిబిందు అయితే తీసేసేవాళ్లం. ఇవి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరమే ఎండిపోయింది. పోయిన చూపు రాదు. ఉన్న కాస్తా కొన్నాళ్లు నిలబెట్టడానికి చుక్కలు వేద్దాం," అన్నాడు.

పెద్దమ్మ అంతా విని, "దీపం పెట్టెతందుకు సరిపోతదా సారూ?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. ఆమెకు దీపం పెట్టడానికి గుడే లేదని నేను ఆయనకు చెప్పలేదు. "కొన్నాళ్లు సరిపోతుందమ్మా," అన్నాడాయన.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను. ఆమెకు తెలిసిపోయింది. "దవాఖానల పనిచేయవోతున్నవు. నువ్వే ఏడిస్తె రోగులేంగావాలె?" అని నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. చుక్కలు వేళకు వేయమని తమ్ముడికి చెప్పాను, తర్వాత వాడి భార్యకు నేర్పాను, వచ్చినప్పుడల్లా నేనే వేశాను. చుక్కలు వేస్తూనే ఉన్నాం. చూపు పోతూనే ఉంది. ముందు పక్కలు పోయాయి, తర్వాత మొహాలు పోయాయి, చివరికి ఎండ, నీడ మిగిలాయి. తొంభైల మధ్యకు అవీ పోయాయి.

కొత్త ఊళ్లో పంపు దగ్గర ఒకరోజు, కళ్లు మసకబారిన ఒక ముసలమ్మ కోపం ఆపుకోలేక అనేసింది. "ఇన్నేండ్లు దీపం పెడితివి. నీ కండ్లే కాపాడనోడు మాకేం జేసిండు?" పెద్దమ్మ నీళ్లబిందె అక్కడే పెట్టి గోడ పట్టుకుని ఇంటికొచ్చింది. ఆ పూట తినలేదు. ఆమెను అక్కగా భావించే చాచా వచ్చి, "ఆమె నోరు గంతే, మనసుల పెట్టుకోకు ఆపా," అన్నాడు. "అన్నదాంట్ల తప్పేమున్నది?" అంది పెద్దమ్మ.

కొన్నాళ్లకు తమ్ముడి పిల్లలు కథ చెప్పమన్నారు. నేనూ అక్కడే ఉన్నాను. ముసలవ్వ, అంబలి, లోకం చీకటి కావడం అన్నీ ఎప్పటిలాగే చెప్పింది. చివరికొచ్చేసరికి ఆగింది. నేను ఖాళీ చెంబు కోసం ఎదురుచూస్తున్నాను.

"తాగి లేసిండు. 'ఏం కావాలె అవ్వా' అన్నడు. ముసల్ది కండ్లు అడగలే. 'ఏమొద్దు కొడుకా, మళ్లెప్పుడన్న గీ తొవ్వన పోతే కూసోని పో' అన్నది. సరే అని పోయిండు."

"మళ్ల వచ్చిండా అవ్వా?" అన్నాడు చిన్నోడు.

"రోజు గీ తొవ్వనే గద పోతడు," అంది. "కూసున్నడో లేదో ఆమెకు కనవడదాయె."

అప్పటి నుంచి ఆమె కథ అలాగే చెప్పింది. పాత ముగింపు గురించి నేను అడగలేదు. అడిగి ఏం చేస్తాను?

ఒక రథసప్తమికి సెలవు పెట్టుకుని పోయాను. ఏం చేద్దాం పెద్దమ్మా అంటే, "అయ్య కాడికి పోదాం," అంది. చాచా, నేను, ఆమె పొద్దున్నే బస్సెక్కి తాలూకా ఊరికి పోయాం. షెడ్డు కావలి మనిషి ఎవరినీ లోపలికి పంపవద్దని చెప్పారన్నాడు. చాచా అతని భుజం మీద చెయ్యి వేసి, "కండ్లు లేని మనిషి, ఏం ఎత్తుకపోతది భాయ్? మా అమ్మకు కండ్లు గడిగిన చెయ్యి అది. జర తియ్యి," అన్నాడు. అతను తాళం తీసి, బయటికి పోయి మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

లోపల చీకటి. ఎక్కడెక్కడి ఊళ్ల దేవుళ్లో గోడలకు ఆనించి ఉన్నారు. చేతులు లేని నందులు, తల లేని వీరుల రాళ్లు. మా స్వామి పడమటి రేకు వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "ఇక్కడే," అన్నాను. ఆమె చెయ్యి సగం చాచి ఆపింది.

"నా జిందగీల ముట్టుకోలే బిడ్డా. ముట్టొచ్చా?"

ఎవరు చెప్పాలి? పూజారి లేడు, గడప లేదు. నేనే ఆమె చెయ్యి తీసి విగ్రహం మీద పెట్టాను. ఆమె వేళ్లు తామరపువ్వుల మీంచి భుజానికి, భుజం మీంచి చెంపకు పోయాయి. ఒక్కసారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్య గింత సల్లగున్నడేంది?"

మాఘమాసపు పొద్దు, రేకుల కింద రాయి. మళ్లీ చెయ్యి పెట్టి కళ్ల దగ్గర తడిమింది. "కండ్లు తెరిచిండా, మూసిండా? సూసి చెప్పు."

నేను వంగి, రేకు సందులో నుంచి వచ్చే వెలుతురులో చూశాను. ఎన్ని వందల ఏళ్ల నూనో, నీళ్లో, అక్కడ నున్నటి రాయి తప్ప ఏమీ మిగల్లేదు. "అరిగిపోయినయి పెద్దమ్మా. తెలుస్తలేదు," అన్నాను.

"నీక్కూడ తెలుస్తలేదా?" అంది. తర్వాత కొంగుతో ఆ మొహం, మెడ, చేతులు, పాదాల దాకా దుమ్ము తుడిచింది. చాలాసేపు తుడిచింది. చాచా తలుపు దగ్గరే ఉండి, కావలి మనిషిని మాటల్లో పెట్టాడు. ఇంటికి తెచ్చుకునే దారి ఏమైనా ఉందా అని ఆమె అడగలేదు. నేనూ అబద్ధం చెప్పలేదు. బస్సులో ఆ చెయ్యి ఇంకో చేతిలో పెట్టుకుని రుద్దుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమె ఎక్కువగా బయటికి రాలేదు. పొద్దున వాకిట్లో మంచం వేస్తే, మొహానికి వెచ్చదనం తగిలినప్పుడు నమస్కారం పెట్టేది. మబ్బు పట్టిన రోజుల్లో ఎప్పుడు పెట్టాలో తెలియక, చేతులు జోడించి అట్లాగే ఉండేది.

పెద్దమ్మ పోయిన మూడోరోజు పిట్టకు, అంటే కాకికి, వండి పెట్టాలి. వేసవి కదా, నీళ్లు చాలా వెనక్కి పోయాయి. పాత ఊరు తేలింది. అక్కడే పెడదామన్నాడు తమ్ముడు. చాచా బండి కట్టాడు. ఒండ్రు మట్టి ఎండి పలకలు పలకలుగా చీలింది. గోడల మొదళ్లు, ఎవరిదో గాబు, ఒక మెట్ల బావి అంచు కనబడ్డాయి. గుడి ఉన్నచోట నాలుగు పక్కలా పునాది రాళ్లు మట్టిలోంచి బయటపడి ఉన్నాయి. తమ్ముడి భార్య వండి తెచ్చిన జొన్నరొట్టె, పచ్చిపులుసు, పరమాన్నం విస్తట్లో వడ్డించి రాతి మీద పెట్టాం. దూరంగా జరిగి కూర్చున్నాం.

కాకి రాలేదు. వాలడానికి అక్కడ చెట్టనేదే లేదు. కనుచూపు మేర మట్టి, దాని అవతల నీళ్లు.

"ముసల్దానికి ఏదో కోరిక ఉండె. మాటియ్యుండ్రి, కాకి ముట్టుతది," అన్నాడు వెంట వచ్చిన ఒక పెద్దమనిషి. అందరం తమ్ముడి వైపు చూశాం. ఆ కోరిక ఏమిటో ఎవరూ అడగలేదు. వాడు లేచి విస్తరి దగ్గరికి పోయి చేతులు జోడించాడు. "పెద్దమ్మా, గుడి..." అన్నాడు.

"వద్దు బేటా," అన్నాడు చాచా నెమ్మదిగా. "ఆమెకు మాటిచ్చినోళ్లు చానామంది ఉన్నరు. నువ్వు గూడ ఇయ్యకు."

వాడు వచ్చి నా పక్కన కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. పొద్దు పైకెక్కుతోంది. నీళ్ల అంచున ఒక కొంగ అడుగులో అడుగు వేసుకుంటూ పోతోంది. మా వైపు చూడను కూడా లేదు. విస్తట్లో పరమాన్నం మీద మీగడ కట్టింది. ఆకు అంచులు ఎండకు ముడుచుకుని మెల్లగా పైకి లేస్తున్నాయి. ఇంకాసేపు చూద్దామని ఎవరో అన్నారు. ఎవరమూ లేవలేదు.